రెండు సభలు ఎందుకు? చట్టం ఎలా?

"లోక్‌సభకు ఓటేస్తం. రాజ్యసభకు ఎన్నడు ఓటెయ్యలె. మరి ఆ మెంబర్లను పంపేదెవరు?"

మేడ్చల్, శామీర్‌పేట దిక్కు ఎన్నికల ముచ్చట వస్తే ఈ ప్రశ్న కూడా వస్తుంది. సగం జవాబు అందరికీ తెలిసిందే. శామీర్‌పేటను కలుపుకున్న మేడ్చల్ అసెంబ్లీ నియోజకవర్గం మల్కాజిగిరి లోక్‌సభ స్థానంలో ఉంది. కుత్బుల్లాపూర్, కూకట్‌పల్లి, ఉప్పల్, ఎల్బీ నగర్, మల్కాజిగిరి, సికింద్రాబాద్ కంటోన్మెంట్ మిగతా ఆరు సెగ్మెంట్లు. 2008 పునర్విభజనలో పుట్టిన ఈ స్థానం నుంచి 2009లో సర్వే సత్యనారాయణ, 2014లో మల్లారెడ్డి, 2019లో రేవంత్‌రెడ్డి, 2024లో ఈటల రాజేందర్ లోక్‌సభకు వెళ్లారు. ఆ నాలుగుసార్లూ మీ ఓటు నేరుగా పడింది.

రాజ్యసభకు కూడా మీరే పంపుతున్నారు, కాకపోతే మధ్యలో మీ ఎమ్మెల్యే ఉన్నాడు. రాష్ట్ర అసెంబ్లీకి ఎన్నికైన సభ్యులే ఆ రాష్ట్రపు రాజ్యసభ సభ్యులను ఎన్నుకుంటారు. తెలంగాణకు అక్కడ 7 స్థానాలు, ఆంధ్రప్రదేశ్‌కు 11. ఒక్కో సభ్యుడి కాలం ఆరేళ్లు. రెండేళ్లకోసారి సభలో మూడో వంతు మంది దిగిపోతారు కనుక ఒక రాష్ట్రం వాళ్లందరినీ ఒకేసారి ఎన్నుకోవడమంటూ సాధారణంగా ఉండదు.

ఈ ఎన్నిక లెక్క కొంచెం ఓపికగా చూడాలి. 2024 ఫిబ్రవరిలో తెలంగాణలో ఖాళీ కాబోతున్న మూడు స్థానాలకు ఎన్నిక వచ్చింది. అసెంబ్లీలో 119 మంది. ఒక్కో ఎమ్మెల్యే ఓటు విలువ 100గా తీసుకుంటే మొత్తం 11,900. ఖాళీలు మూడు కాబట్టి అంతకన్నా ఒకటి ఎక్కువతో, అంటే నాలుగుతో భాగించి, వచ్చినదానికి ఒకటి కలపాలి. 2,976 వస్తుంది. 30 మంది ఎమ్మెల్యేలు మొదటి ప్రాధాన్యం ఇచ్చిన అభ్యర్థి గట్టెక్కినట్టే. అప్పుడు కాంగ్రెస్‌కు 64 మంది ఉన్నారు, ఇద్దరు వస్తారు. బీఆర్ఎస్‌కు 39 మంది, ఒకరు వస్తారు. అందరికీ ఈ లెక్క ముందే తెలుసు కనుక నాలుగో అభ్యర్థి నిలబడలేదు. రేణుకా చౌదరి, అనిల్‌కుమార్ యాదవ్, వద్దిరాజు రవిచంద్ర పోలింగ్ లేకుండానే ఎన్నికయ్యారు. సగానికి ఒక్కటి ఎక్కువున్న పార్టీకే గెలుపు అనే పద్ధతి పెట్టి ఉంటే మూడూ ఒక్క పార్టీకే పోయేవి. ఓడిన పక్షానికీ బలాన్నిబట్టి వాటా దక్కేలా ఈ సభను కూర్చారు.

వీళ్లుగాక సాహిత్యం, కళలు, శాస్త్రం, సంఘసేవ రంగాల నుంచి 12 మందిని రాష్ట్రపతి నియమిస్తారు. 1997లో సి. నారాయణరెడ్డి, 2022లో విజయేంద్ర ప్రసాద్ అలా వెళ్లినవారే.

"37 లక్షల మందికి ఒక్క మెంబరేంది?"

2024లో మల్కాజిగిరి ఓటర్లు 37 లక్షలు దాటారు. దేశంలోని 543 లోక్‌సభ స్థానాల్లో అప్పటికి ఇదే పెద్దది. లక్షద్వీప్‌లో 60 వేల లోపు ఓటర్లకూ ఒక్కరే. కారణం రెండు పొరల్లో ఉంది. ఏ రాష్ట్రానికి ఎన్ని స్థానాలన్నది 1971 జనగణన లెక్కన ఆగిపోయింది. జనాభాను అదుపు చేసుకున్న రాష్ట్రాలకు సీట్లు తగ్గకూడదని 1976లో 42వ సవరణ ఆపింది, 84వ సవరణ ఆ గడువును 2026 తరువాతి తొలి జనగణన దాకా పొడిగించింది. రాష్ట్రం లోపలి హద్దులను మాత్రం 2001 జనగణన ప్రకారం సర్దారు. ఆ తరువాతే నగరం ఉత్తరానికి ఉరికింది. కొంపల్లి రోడ్డు పొడుగునా, శామీర్‌పేట దాకా ఇళ్లు లేచాయి. గీత అక్కడే ఉంది, మనుషులు వచ్చి చేరారు.

"ఒక్క సభ చాలదా?"

చాలు అనుకున్న కాలం మనకూ ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1958లో వచ్చిన శాసన మండలిని 1985లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం రద్దు చేయించింది. మళ్లీ 2007లో వైఎస్ రాజశేఖరరెడ్డి హయాంలో తిరిగొచ్చింది. మధ్యలో ఇరవై రెండేళ్లు రాష్ట్రంలో ఒక్క సభే చట్టాలు చేసింది. శామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం 1998 నాటి రాష్ట్ర చట్టంతో పుట్టింది కనుక, న్యాయం చదివే ఆ ప్రాంగణానికి జన్మనిచ్చింది కూడా ఒంటి సభే. చట్టం చేయడానికి రెండు సభలు తప్పనిసరేమీ కాదని దీన్నిబట్టి ఒప్పుకోవాలి.

మరి దేశానికి ఎందుకు? రాష్ట్రంలో మండలిని, ఢిల్లీలో రాజ్యసభను ఒకే గాట కట్టలేం. మండలి ఒక బిల్లును కాదంటే అసెంబ్లీ రెండోసారి ఆమోదించి పంపుతుంది. మండలి మొదట మూడు నెలలు, తరువాత ఒక నెల ఆపగలదు, అంతే. 2020 జనవరిలో ఆంధ్రప్రదేశ్ మండలి మూడు రాజధానుల బిల్లులకు అడ్డుపడితే అక్కడి అసెంబ్లీ ఏకంగా మండలినే రద్దు చేయాలని తీర్మానించింది. 2021 నవంబరులో ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. రాజ్యసభను ఎవరూ ఇలా తీర్మానంతో బెదిరించలేరు. మామూలు బిల్లుల విషయంలో అది లోక్‌సభతో సమానం. రాజ్యాంగ సవరణలోనూ సమానమే. పైగా అది ఎన్నడూ రద్దు కాదు. లోక్‌సభ ఐదేళ్లకో, అంతకు ముందే మొత్తంగా లేచిపోతుంది. అప్పటి గాలికి ఒక సభ నిండితే, ఆరేళ్లనాటి, నాలుగేళ్లనాటి, రెండేళ్లనాటి తీర్పులు కలిసి ఇంకో సభలో కూర్చుంటాయి. రాష్ట్రాల గొంతు అనే మాట కూడా నిజమే. రాష్ట్రాల జాబితాలోని విషయం మీద పార్లమెంటు చట్టం చేయడానికి రాజ్యసభ మూడింట రెండొంతుల ఆధిక్యంతో దారి ఇవ్వవచ్చు, ఆ అధికారం లోక్‌సభకు లేదు. అయితే అమెరికా సెనేట్‌లో లాగా ప్రతి రాష్ట్రానికీ సమానంగా రెండేసి స్థానాలు మన దగ్గర లేవు. ఉత్తరప్రదేశ్‌కు 31, మనకు 7, గోవాకు 1. 2003 నుంచి ఒక రాష్ట్రం తరఫున పోటీకి ఆ రాష్ట్రంలో ఓటరై ఉండాలన్న షరతు కూడా పోయింది. రాష్ట్రాల సభ అన్న పేరుకు ఆ మార్పు కొంత వెలితే తెచ్చిందని నేననుకుంటాను.

"బిల్లు చట్టమయ్యేది ఎట్ల?"

సభలో బిల్లును మూడుసార్లు చదవడమని అంటారు. మొదటిసారి ప్రవేశపెట్టడానికి అనుమతి అడుగుతారు, అక్కడ పెద్ద చర్చ ఉండదు. రెండోసారే అసలు పని. ముందు బిల్లు ఉద్దేశం మీద చర్చ, తరువాత ఒక్కో క్లాజు ఎత్తి, దానికి వచ్చిన సవరణలు చూసి, ఓటు పెట్టి, 'ఈ క్లాజు బిల్లులో భాగం' అని తేలుస్తారు. మూడోసారి మొత్తం బిల్లు అవునా కాదా. ఓటు ఎక్కువగా మూజువాణితోనే. ఎవరైనా సభ్యుడు పట్టుబడితే డివిజన్, అంటే ఎవరెటు వేశారో లెక్క తేలే ఓటు. ఇదంతా అయ్యాక రెండో సభలో మళ్లీ మొదటి నుంచి. ఆపైన రాష్ట్రపతి సంతకం, గెజిట్.

ఈ వరుసలో టీవీకి కనబడని మెట్టు ఒకటుంది. మంత్రిత్వ శాఖల వారీగా 24 స్థాయీ సంఘాలున్నాయి. ఒక్కో దానిలో 31 మంది, 21 మంది లోక్‌సభ నుంచి, 10 మంది రాజ్యసభ నుంచి. అధికారులను పిలిపించి అడుగుతారు, నిపుణుల మాట వింటారు, జనం నుంచి సూచనలు కోరతారు. కెమెరాలుండవు. పార్టీ విప్ అక్కడ పనిచేయదు. 1985 ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చాక సభలో విప్‌ను కాదని ఓటేస్తే సభ్యత్వమే పోవచ్చు, సంఘంలో ఆ భయం లేదు. రెండు సభల వాళ్లూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని బిల్లును అక్షరం అక్షరం చదివేది ఇక్కడే. వాళ్ల సిఫారసులు ప్రభుత్వాన్ని కట్టివేయవు, అయినా పార్లమెంటులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఈ గదే. ఈమధ్య చాలా బిల్లులు ఆ గడప తొక్కకుండానే చట్టాలవుతున్నాయి. దీనివల్ల నష్టపోతున్నది చట్టం కింద బతకాల్సిన మనం.

"తెలంగాణ బిల్లు సంగతి చెప్పుండ్రి."

రెండు సభల యంత్రం ఎలా తిరుగుతుందో తెలుగువాళ్లకు ఇంతకన్నా దగ్గరగా చూపే బిల్లు లేదు. మేడ్చల్ జిల్లా ఏర్పడటానికి రాష్ట్ర ప్రభుత్వ నోటిఫికేషన్ సరిపోయింది, 2016 అక్టోబరు 11న రంగారెడ్డి నుంచి విడదీసి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా చేశారు. రాష్ట్రం ఏర్పడాలంటే మాత్రం పార్లమెంటు చట్టమే కావాలి. రాజ్యాంగం 3వ అధికరణ ప్రకారం రాష్ట్రపతి ముందుగా ఆ బిల్లును సంబంధిత రాష్ట్ర శాసనసభకు పంపి అభిప్రాయం అడగాలి. 2013 డిసెంబరులో బిల్లు హైదరాబాద్ వచ్చింది. 2014 జనవరి 30న అసెంబ్లీ దాన్ని మూజువాణి ఓటుతో తిరస్కరించింది. అభిప్రాయం అడగడం తప్పనిసరి, దానికి కట్టుబడటం తప్పనిసరి కాదు. కాబట్టి బిల్లు ఆగలేదు.

ఏ సభలో ముందు పెట్టాలన్న దగ్గరే మొదటి చిక్కు వచ్చింది. ప్రభుత్వం రాజ్యసభలో మొదలుపెట్టాలనుకుంది. దానికి ఒక కారణం ఊహించవచ్చు. రాజ్యసభలో పెట్టిన బిల్లు, లోక్‌సభ రద్దయినా, అక్కడ ఇంకా తేలకుండా ఉంటే బతికే ఉంటుంది. కానీ ఖజానా సొమ్ముతో ముడిపడిన ఆర్థిక అంశాలు ఉన్న ఇలాంటి బిల్లు లోక్‌సభలోనే పుట్టాలని న్యాయసలహా వచ్చింది. ఫిబ్రవరి 13న లోక్‌సభలో పెట్టారు. ఆ రోజు సభలో పెప్పర్ స్ప్రే చల్లడం దేశమంతా చూసింది. 18న గొడవ మధ్యనే మూజువాణి ఓటుతో బిల్లు గట్టెక్కింది, ఆ సమయంలో ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. ఏ స్థాయీ సంఘమూ ఆ బిల్లును చూడలేదు. రాష్ట్రం కోసం దశాబ్దాలు ఎదురుచూసిన వాళ్లకైనా, వద్దన్న వాళ్లకైనా అంత పెద్ద నిర్ణయం తలుపుల వెనుక జరిగినట్టు ఉండకూడదు.

20న రాజ్యసభ. మిగిలిన ఆంధ్రప్రదేశ్‌కు రాజధాని పోతోంది, ఆదాయం పోతోంది, ఏమిస్తారని అక్కడ గట్టిగా అడిగారు. వెంకయ్యనాయుడు సవరణలు కోరారు. ప్రధాని మన్మోహన్ సింగ్ లేచి ఆరు అంశాల హామీ చదివారు, అందులో మొదటిది ఆంధ్రప్రదేశ్‌కు ఐదేళ్ల ప్రత్యేక హోదా. బిల్లు ఆ రాత్రి మూజువాణితో ఆమోదం పొందింది. మార్చి 1న రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ సంతకం చేశారు. 2014లో 6వ నంబరు చట్టం. జూన్ 2న తెలంగాణ వచ్చింది.

"హోదా ఇస్తమని సభలనే అన్నరు గద, మరి చట్టంల ఎందుకు రాయలె?"

రెండు సభల పద్ధతి అంతా ఈ ఒక్క ప్రశ్నలో ఉంది. ఇద్దరన్నదమ్ముల పేరున ఉన్న భూమిని మేడ్చల్ రిజిస్ట్రార్ ఆఫీసులో అమ్మాలంటే ఇద్దరూ ఒకే కాగితం మీద సంతకం పెట్టాలి. పెద్దవాడు పెట్టాక చిన్నవాడు ఒక వాక్యం కలిపితే, ఆ కాగితం పెద్దవాడి దగ్గరికి మళ్లీ పోవాలి. పార్లమెంటులోనూ అంతే. రాజ్యసభ ఒక్క మాట మార్చినా బిల్లు లోక్‌సభకు తిరిగి వెళ్లాలి, లోక్‌సభ ఆ మార్పును ఒప్పుకోవాలి. 18న లోక్‌సభ ఒప్పుకున్నదీ, 20న రాజ్యసభ ఒప్పుకున్నదీ అక్షరం తేడా లేకుండా ఒకటే పాఠమైతేనే అది రాష్ట్రపతి దగ్గరికి పోతుంది.

అది 15వ లోక్‌సభకు చివరి సమావేశం. ఫిబ్రవరి 21తో ముగిసింది, మార్చి 5న ఎన్నికల షెడ్యూలు వచ్చింది. హోదా మాటను సవరణగా బిల్లులో చేర్చి ఉంటే, 18న అంత గందరగోళం మధ్య బయటపడిన బిల్లు ఒక్క రోజులో మళ్లీ అదే లోక్‌సభ ముందుకు రావాలి. రాకపోతే లోక్‌సభతోపాటే మురిగిపోయేది. లోక్‌సభ రద్దయితే దాని చేతిలో ఉన్న బిల్లులు, అది ఆమోదించాక రాజ్యసభలో ఆగిన బిల్లులు రెండూ పోతాయి. తెలుగు నేలకు ఈ నియమం కొత్త కాదు. ఉమ్మడి రాష్ట్రంలో మండలిని తిరిగి తెచ్చే బిల్లును 1990లో రాజ్యసభ ఆమోదించింది, లోక్‌సభలో అది తేలకముందే 1991లో సభ రద్దయింది, ఆ పనికి మళ్లీ పదిహేనేళ్లు పట్టింది. తెలంగాణ బిల్లుకు అలా కాకూడదనే హోదా రాతలోకి రాకుండా నోటిమాటగా మిగిలింది.

మల్కాజిగిరి స్థానంలో కోస్తా, రాయలసీమల నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలూ తెలంగాణ ఉద్యమంలో నడిచిన కుటుంబాలూ పక్కపక్క ఇళ్లలో ఉన్నాయి. ఆ ఫిబ్రవరి 20ని ఒకరు తమ రాష్ట్రం వచ్చిన రోజుగా, మరొకరు మాట ఇచ్చి తప్పిన రోజుగా తలచుకుంటారు. రెండూ అబద్ధం కావు. ఒకే నియమం, సవరణ చేస్తే వెనక్కి పోవాలన్న నియమం, రెంటికీ కారణం.

రాతలో ఉన్నవి ఏమయ్యాయో కూడా చూడాలి. పోలవరాన్ని జాతీయ ప్రాజెక్టుగా చట్టమే ప్రకటించింది. గిరిజన విశ్వవిద్యాలయం రెండు రాష్ట్రాలకూ ఒక్కొక్కటి అని 13వ షెడ్యూలులో ఉంది. తెలంగాణకు అది రావడానికి మళ్లీ ఇంకో బిల్లు కావలసివచ్చింది, 2023 డిసెంబరులో రెండు సభలూ ఆమోదించాక ములుగులో సమ్మక్క సారక్క పేరున విశ్వవిద్యాలయానికి దారి పడింది. తొమ్మిదేళ్లు పట్టినా, అడిగిన ప్రతిసారీ చూపడానికి ఒక షెడ్యూలు ఉంది. రాసినదాన్ని మార్చడానికీ చట్టమే కావాలి. ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాల గ్రామాలను ఆంధ్రప్రదేశ్‌కు బదలాయించడానికి తెలంగాణ పుట్టకముందే ఆర్డినెన్సు తెచ్చారు. తెలంగాణ వద్దన్నా 2014 జులై 11న లోక్‌సభ, 14న రాజ్యసభ దాన్ని చట్టం చేశాయి.

రాతలోని ఒక వాక్యం మేడ్చల్‌ను, శామీర్‌పేటను కూడా తాకింది. హైదరాబాద్ పదేళ్లకు మించకుండా ఉమ్మడి రాజధాని అని 5వ సెక్షను. ఉమ్మడి రాజధాని అంటే ఎంతమేర? అప్పటి జీహెచ్‌ఎంసీ పరిధి అని దానికి వివరణ. ఆ ప్రాంతంలో ప్రాణాలకు, ఆస్తులకు భద్రత విషయంలో గవర్నర్‌కు ప్రత్యేక బాధ్యత అని 8వ సెక్షను. అల్వాల్, కుత్బుల్లాపూర్ 2007లోనే జీహెచ్‌ఎంసీలో కలిశాయి కనుక ఉమ్మడి రాజధానిలోకి వచ్చాయి. శామీర్‌పేట, మేడ్చల్ అప్పటికి బయట ఉన్నాయి కనుక రాలేదు. ఒకే లోక్‌సభ స్థానం లోపల, ఒకే రోడ్డు మీద, ఒక వివరణ వాక్యం పదేళ్లు గీత గీసి ఉంచింది. 2024 జూన్ 2తో అది చెరిగింది.

"నోటిమాటకు సభల విలువ లేదా?"

ఉంది, తక్కువ. మంత్రులు సభలో ఇచ్చిన హామీలను వెంటాడటానికి రెండు సభల్లోనూ హామీల కమిటీలున్నాయి. అవి అడుగుతాయి, నివేదిక ఇస్తాయి. అమలు చేయించే అధికారం వాటికి లేదు. ప్రధాని చెప్పిన మాటకు ఇంతకన్నా గట్టి పూచీ ఉండాలని నా గట్టి అభిప్రాయం. ఒక రాష్ట్రాన్ని విడదీస్తూ, సభ ఆమోదం సంపాదించడం కోసం చదివిన హామీకైతే మరీను.

హోదా కోసం తరువాత జరిగిన ప్రయత్నాలు రెండు సభల మధ్య తేడాను ఒక్కొక్కటిగా బయటపెట్టాయి. కె.వి.పి. రామచంద్రరావు రాజ్యసభలో ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టారు. ఆయన ఆంధ్ర నాయకుడు. కానీ విభజనప్పుడు పాత 18 మంది రాజ్యసభ సభ్యులను రెండు రాష్ట్రాలకు పంచడానికి లాటరీ తీస్తే ఆయన పేరు తెలంగాణకు వచ్చింది, తెలంగాణ నేత కె. కేశవరావు పేరు ఆంధ్రప్రదేశ్‌కు పోయింది. అలా తెలంగాణ లెక్కలోని సభ్యుడు ఆంధ్రప్రదేశ్ హోదా కోసం బిల్లు నడిపారు. 2016 ఆగస్టులో అది ఓటుకు వచ్చే వేళ ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ, ఇది ద్రవ్య బిల్లు అవుతుంది, రాజ్యసభ ఓటు వేయడానికి లేదు అన్నారు. ఏది ద్రవ్య బిల్లో తేల్చేది లోక్‌సభ స్పీకర్. విషయాన్ని స్పీకర్‌కు పంపారు, ఓటు జరగలేదు.

డబ్బు దగ్గర రెండు సభలూ సమానం కావు. పన్నులు, అప్పులు, ఖజానా ఖర్చుల మీద మాత్రమే ఉండే బిల్లే ద్రవ్య బిల్లు, అది లోక్‌సభలోనే పుట్టాలి. రాజ్యసభ 14 రోజుల్లో సలహా చెప్పి తిప్పి పంపాలి. ఆ సలహా తీసుకున్నా, తీసుకోకున్నా లోక్‌సభ ఇష్టం. మనం నేరుగా ఎన్నుకున్న సభ చేతిలోనే మన పన్ను ఉండాలన్నది దీని వెనుక న్యాయం, అది సరైనదే.

ప్రభుత్వాన్ని దించేదీ లోక్‌సభే. మంత్రివర్గం బాధ్యత లోక్‌సభకు మాత్రమే. 1999 ఏప్రిల్ 17న, తెలుగువాడైన బాలయోగి స్పీకర్‌గా ఉండగా, వాజ్‌పేయి ప్రభుత్వం 269-270తో ఒక్క ఓటు తేడాన పడిపోయింది. హోదా విషయంలో తెలుగుదేశం 2018లో అవిశ్వాస తీర్మానం పెట్టింది. జులై 20న ఓటు జరిగితే 126 మంది అనుకూలం, 325 మంది వ్యతిరేకం. తీర్మానం వీగింది. రాజ్యసభలో ఇచ్చిన హామీ మీద ప్రభుత్వాన్ని నిలదీయడానికి లోక్‌సభకే వెళ్లాల్సి రావడం గమనించండి.

"రెండు సభలకు పడకపోతే?"

మామూలు బిల్లును రెండో సభ కాదన్నా, ఆరు నెలలు దాటినా తేల్చకపోయినా, సవరణల మీద రాజీ కుదరకపోయినా రాష్ట్రపతి రెండు సభలనూ కలిపి కూర్చోబెట్టవచ్చు. లోక్‌సభలో 543 మంది, రాజ్యసభలో 245 మంది వరకు, కాబట్టి లెక్క ఎటు మొగ్గుతుందో తెలుస్తూనే ఉంది. ఇంతవరకు మూడుసార్లే ఇలా ఓటు జరిగింది. 1961లో వరకట్న నిషేధం, 1978లో బ్యాంకింగ్ సర్వీస్ కమిషన్ రద్దు, 2002 మార్చి 26న ఉగ్రవాద నిరోధక పోటా బిల్లు. మూడోదానికి స్పీకర్ అధ్యక్షత వహించాల్సింది, కానీ బాలయోగి అదే నెల 3న హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయారు. డిప్యూటీ స్పీకర్ పి.ఎం. సయీద్ ఆ కుర్చీలో కూర్చున్నారు. బిల్లు 425-296తో నెగ్గింది.

రాజ్యాంగ సవరణకూ ద్రవ్య బిల్లుకూ ఈ దారి లేదు. సవరణకు ప్రతి సభలోనూ విడివిడిగా మొత్తం సభ్యుల్లో సగానికి పైన, హాజరై ఓటేసినవారిలో మూడింట రెండొంతులు కావాలి. 1970లో రాజభరణాల రద్దు సవరణను లోక్‌సభ ఆమోదించింది. సెప్టెంబరు 5న రాజ్యసభలో 149 మంది అవును, 75 మంది కాదు. ఓటేసిన 224 మందిలో మూడింట రెండొంతులు 149.33. ఆ 0.33తో బిల్లు పడిపోయింది. నిజాం వారసుడితో సహా సంస్థానాధీశుల భరణాలు 1971లో 26వ సవరణ వచ్చేదాకా బతికాయి. సమానత్వం కోరుకునే నాలాంటి వాడికి ఆ ఫలితం నచ్చకపోవచ్చు. అయినా రాజ్యాంగాన్ని మార్చడానికి రెండో తాళం ఉందన్న సంగతి ఆ ఓటు రుజువు చేసింది.

రాష్ట్రపతి కూడా బిల్లును ఒకసారి పునరాలోచనకు తిప్పి పంపవచ్చు. 2006లో లాభదాయక పదవుల బిల్లును అబ్దుల్ కలాం అలా పంపారు, రెండు సభలూ మళ్లీ ఆమోదించాక సంతకం చేశారు.

"మా మాట బిల్లుల పెట్టించేదెట్ల?"

స్థాయీ సంఘం లేదా ఉభయ సభల సంయుక్త కమిటీ ఒక బిల్లును చేపట్టినప్పుడు పత్రికల్లో ప్రకటన ఇచ్చి సూచనలు కోరుతుంది. గడువు తక్కువగా ఉంటుంది. ఫలానా క్లాజులో ఫలానా మాట బదులు ఈ మాట పెట్టండి, కారణం ఇది అని రాసి పంపితే అది చదవాల్సిన వాళ్ల ముందుకు చేరుతుంది. సాధారణ ఆవేదన రాసిన పది పేజీలకన్నా అలాంటి ఒక పేజీ పనిచేస్తుంది.

రెండో దారి అర్జీ. సభ ముందున్న బిల్లు మీద గాని, ప్రజలందరికీ సంబంధించిన విషయం మీద గాని లోక్‌సభకు అర్జీ పెట్టవచ్చు. సభ్యుడి ద్వారా సమర్పిస్తే ఆ సభ్యుడి సంతకం కూడా ఉండాలి, అంటే మేడ్చల్ వాళ్లు మల్కాజిగిరి ఎంపీని అడగవచ్చు. రాజ్యసభలోనూ అర్జీల కమిటీ ఉంది, అక్కడికి తెలంగాణ ఏడుగురిలో ఎవరినైనా పట్టుకోవచ్చు. తెలుగులో రాసుకోవచ్చు, కాకపోతే హిందీలోనో ఇంగ్లిష్‌లోనో అనువాదం జతచేసి దాని మీద కూడా అర్జీదారు సంతకం పెట్టాలి. సంతకం చేసిన ప్రతి ఒక్కరి పేరు, చిరునామా ఉండాలి. చదువురానివారు వేలిముద్ర వేయవచ్చు. ఉత్తరాలు, అఫిడవిట్లు, ఇతర కాగితాలు మాత్రం జతచేయకూడదు, చెప్పదలచుకున్నదంతా అర్జీలోనే రాయాలి.